బోరు మోటారు వాట్ మీటరు: ట్రిమ్‌పాట్‌లా, ఖరీదైన ఐసీయా?

నల్లగొండ, డిప్లొమా అధ్యాపకుడు: మా విద్యార్థులు 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు బోరు మోటారు తీసుకునే వాట్లను కొలవడానికి ఏడీ633 మల్టిప్లయర్ (రెండు వోల్టేజీలను గుణించే ఐసీ) వాడుతున్నారు. మోటారు వోల్టేజి, కరెంటుల సిగ్నళ్లను ఇందులో గుణించి, ఆ లబ్ధం సగటు నుంచి వాట్లు లెక్కిస్తారు. రెండు ఇన్‌పుట్ల లబ్ధాన్ని 10తో భాగించి ఇచ్చే ఈ ఐసీలో దోషం పూర్తి స్కేలులో 2 శాతం దాకా ఉండవచ్చు. ఎక్స్, వై అనే ఇన్‌పుట్ల, అవుట్‌పుట్ ఆఫ్‌సెట్లకూ (సిగ్నల్ సున్నా ఉన్నా మిగిలే చిన్న వోల్టేజీలు) స్కేలుకూ నాలుగు ట్రిమ్‌పాట్‌లు (స్క్రూ తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు) పెట్టాలా, లేక 0.25 శాతం హామీ ఉన్న మరో మల్టిప్లయర్ ఏడీ534ఎల్ కొనాలా?

మిర్యాలగూడ, ప్యానెళ్ల పని: మంచి ఐసీయే కొనండి. చలికాలంలో ల్యాబులో సరిచేసిన పాట్, మే నెల ఎండకు కాగే స్టార్టర్ డబ్బాలో అదే విలువ దగ్గర నిలవదు. రైస్ మిల్లు ప్యానెళ్లలో అదురుకు పాట్ స్క్రూలు కదలడం మేము తరచూ చూస్తుంటాం.

మహబూబ్‌నగర్, ఇన్‌స్ట్రుమెంటేషన్: పాట్‌ల గురించి మీరన్నది నిజమే కానీ, ఐసీ మార్చే ముందు ఏ దోషం ఈ కొలతను పాడుచేస్తోందో చూడాలి. ఇక్కడి ఇన్‌పుట్లు రెండూ 50 హెర్ట్జ్ ఏసీ కాబట్టి, ఎక్స్ ఆఫ్‌సెట్ వై సిగ్నల్‌తో గుణించబడి అవుట్‌పుట్‌లో 50 హెర్ట్జ్ అలగానే కనిపిస్తుంది. సగటు తీసే ఫిల్టరు దాన్ని తుడిచేస్తుంది. ఆఫ్‌సెట్లు రెండూ గరిష్ఠంగా 30 మిల్లీవోల్టులున్నా, వాటి లబ్ధం వల్ల మిగిలే డీసీ 0.1 మిల్లీవోల్టు కూడా ఉండదు. అంటే రెండు పాట్‌లు అనవసరం.

అసలు చిక్కు అవుట్‌పుట్ ఆఫ్‌సెట్‌తోనే. వోల్టేజి సిగ్నల్ 5 వోల్టులు, కరెంటు సిగ్నల్ 1 వోల్టు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజి, కరెంటుల లబ్ధంలో నిజమైన వాట్ల వంతు) 0.5 అనుకుంటే సగటు అవుట్‌పుట్ 0.25 వోల్టులే. గరిష్ఠంగా 50 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ అందులో ఐదో వంతు! కాబట్టి కరెంటు సిగ్నల్‌ను ముందుగా పెంచి, 10 వోల్టుల శిఖరం దాటకుండా వీలైనంత దగ్గరికి తీసుకురండి.

మిర్యాలగూడ: వేడికి ఆ అవుట్‌పుట్ ఆఫ్‌సెట్ కూడా మారుతుంది కదండీ?

మహబూబ్‌నగర్: మారుతుంది. అందుకే పాట్‌కు బదులు కరెంటు ఇన్‌పుట్‌ను అప్పుడప్పుడు అనలాగ్ స్విచ్‌తో గ్రౌండుకు కలిపి, ఆ సమయంలో వచ్చే సగటును మైక్రోకంట్రోలర్ చేత తీసివేయించాలని నా వాదన. పైన చెప్పిన ఆ చిన్న లబ్ధం కూడా అందులోనే పోతుంది. మిగిలేది స్కేలు ఒక్కటే. దానికి సాఫ్ట్‌వేరులో ఒక గుణకం చాలు.

ఇంకొక్క మాట. కరెంటు సిగ్నల్ తీసే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో 1 డిగ్రీ ఫేజు తేడా ఉంటే 0.5 పవర్ ఫ్యాక్టర్ దగ్గర 3 శాతం దోషం వస్తుంది, ఏడీ534 పెట్టినా అది పోదు. బల్బుల పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1 కాబట్టి, వాటి లోడుతో క్యాలిబ్రేట్ చేస్తే ఈ తేడా బయటపడదు. మోటారు లోడు మీదే, నమ్మకమైన వాట్ మీటరుతో పోల్చి చూడండి.