కబడ్డీలో మోకాలు మెలిపడింది, పుత్తూరు కట్టుకు పోవాలా?

అన్నా మాది అనంతపురం, నిన్న కబడ్డీ ఆడతాంటే పాదం నేలకు ఆని ఒళ్లు మాత్రం తిరిగిపోయింది, మోకాట్లో టప్‌మని శబ్దం వచ్చి రెండు గంటల్లోనే ఉబ్బిపోయింది. ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు అంటాండారు.

జవాబు: తమ్ముడూ, అది ఎముకలు విరిగితే కట్టే కట్టు, నీది లిగమెంట్ (ఎముకను ఎముకకు కట్టి ఉంచే గట్టి పట్టీ) దెబ్బ మాదిరి ఉంది. మోకాలు ముఖ్యంగా ముడుచుకుని చాచుకునే కీలు, వంగినప్పుడు కొంచెమే పక్కకు తిరుగుతాది, అంతకుమించి మెలిపడితే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగొచ్చు. ఎక్స్‌రేలో లిగమెంట్ కనపడదు, ఆర్థో డాక్టరు చేత్తో లాగి చూసి అవసరమైతే ఎంఆర్‌ఐ రాస్తాడు.

ఇంకొకరు: కడపలో క్రికెట్ ఆడతా నాకూ ఇట్లే అయింది, నూనె రాసి తోమిస్తే వాపు ఇంకా పెరిగింది, ఆ తప్పు చేయొద్దు. ఐసు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టు.

అడిగినోడు: మడిస్తే మధ్యలో ఇరుక్కుంటాంది అన్నా.

జవాబు: అట్లయితే మెనిస్కస్ (మోకాట్లో ఎముకల మధ్య మెత్త మాదిరి ఉండేది) కూడా చిరిగిందేమో, రేపే ఆర్థో డాక్టరు దగ్గరికి పో.