73939133: ఇది లెక్కల గొప్పా, రాత గొప్పా?

చింతచెట్టు:
నిన్న మా అమ్మాయితో 73939133 రాయించాను. కుడి చివరి నుంచి ఒక్కో అంకే చెరిపేస్తూ వెళ్తే 7393913, 739391, 73939, 7393, 739, 73, 7. అన్నీ ప్రధాన సంఖ్యలే! ఇలాంటివి మొత్తం 83 ఉంటే అన్నిట్లోకీ ఇదే పెద్దది. మా తమ్ముడేమో "ఇది లెక్క కాదక్కా, అంకెల గారడీ" అని తేల్చేశాడు. మీరేమంటారు?

సగంచాక్‌పీసు:
నేను మీ తమ్ముడి వైపే. మనకు పది వేళ్లున్నాయి కాబట్టి పదుల్లో రాస్తున్నాం. దీన్నే బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాసి చివరి అంకె చెరపండి, మిగిలేది 36969566. సరిసంఖ్య! మొదటి అడుగుకే కథ కంచికి. 2178ని నాలుగుతో గుణిస్తే తిరగబడి 8712 అవుతుంది, 1089ని తొమ్మిదితో గుణిస్తే 9801. ఇవి పజిల్ శీర్షికలకే పనికొస్తాయని ఇంగ్లిష్ గణితవేత్త హార్డీ కొట్టిపారేశాడు. ఆయనకు రామానుజన్ చెప్పిన 1729 అలా కాదు. రెండు ధన పూర్ణసంఖ్యల ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల అతి చిన్న సంఖ్య అది, ఎలా రాసినా ఆ గుణం పోదు.

తొమ్మిదోఎక్కం:
సరే మాస్టారూ, రాత గొప్పే అనుకుందాం. మరి ఇందులో ఎక్కడ చూసినా 3లు, 9లే ఎందుకున్నాయి? చివర 3 గానీ 9 గానీ చేరిస్తే, మూడుతో భాగించినప్పటి శేషం మారదు. 1 గానీ 7 గానీ చేరిస్తే శేషం ఒకటి పెరుగుతుంది. 7తో మొదలైతే శేషం 1. అంటే ఆ తర్వాత 1, 7లలో ఒక్కటే, అదీ ఒక్కసారే చేర్చగలం. రెండోసారి చేరిస్తే మూడో ఎక్కంలో పడిపోతుంది. ఆ ఒక్క ఛాన్సూ 739391 దగ్గర అయిపోయింది. ఇక మిగిలినవి 739391333, 739391339. రెండూ ప్రధాన సంఖ్యలు కావు.

సగంచాక్‌పీసు:
శేషాల ముక్క బాగుంది. కానీ అదీ పదిని మూడుతో భాగిస్తే 1 మిగలడం వల్లే కదండీ. మళ్లీ పది వేళ్ల దగ్గరికే వచ్చాం.

తొమ్మిదోఎక్కం:
అయితే మీ బైనరీలోకే రండి. అక్కడ చివర 1 చేర్చడమంటే రెట్టింపు చేసి ఒకటి కలపడమే. 2, 5, 11, 23, 47 అన్నీ ప్రధాన సంఖ్యలు, 95 దగ్గర ఆగింది. ఇలా రెట్టించి ఒకటి కలిపినా ప్రధాన సంఖ్యే వస్తే, మొదటిదాన్ని సోఫీ జెర్మేన్ ప్రధాన సంఖ్య అంటారు. ఫెర్మా చివరి సిద్ధాంతం మీద ఆ ఫ్రెంచ్ గణితవేత్త చేసిన పనిలో వచ్చినవి ఇవి. వీటికి అంతు ఉందో లేదో ఈనాటికీ తేలలేదు. మీరు గారడీ అన్న ప్రశ్నే ఇది, పది తీసి రెండు పెట్టానంతే.

సగంచాక్‌పీసు:
ప్రశ్న గణితమే, ఒప్పుకుంటున్నా. 73939133 మాత్రం నాకింకా పజిలే.

చింతచెట్టు:
ఈలోగా మా అమ్మాయి 23399339 పట్టుకుంది. ఇందులో 1, 7 అసలు లేవేంటి అంటోంది. 2తో మొదలైంది, శేషం ముందే 2 ఉంది కాబట్టేనా?

తొమ్మిదోఎక్కం:
అంతేనండీ. ఇప్పుడు 37337999 ఇచ్చి, దీంట్లోకి రెండు 7లు ఎలా వచ్చాయో అడగండి.