మిలిటరీ గోడ పక్కన కొత్త ఫ్లాట్: కొనొచ్చా, వద్దా?

కొత్తగడప:
అందరికీ నమస్కారం. సికింద్రాబాద్‌లో తిరుమలగిరి అవతల, కంటోన్మెంట్ హద్దు దాటాక మున్సిపాలిటీ పరిధిలో ఒక కొత్త అపార్ట్‌మెంట్ చూశాం. స్టిల్ట్ ప్లస్ ఐదు, అంటే కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు. మా ఆవిడకు బాగా నచ్చింది. వెనకవైపు మిలిటరీ వాళ్ల కాంపౌండ్ గోడ, గోడ అవతలంతా వేపచెట్లు. బాల్కనీలో నిలబడితే సిటీలో ఉన్నట్టే అనిపించదు. బిల్డింగ్ పని అయిపోయింది, రంగులు వేస్తున్నారు. ఓసీ (బిల్డింగ్‌లో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇంకా రాలేదు. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చాం. మా బావగారేమో "మిలిటరీ పక్కన కొంటే రేపు అమ్ముకోలేవు, రిపేరు కూడా చేయించుకోలేవు" అంటున్నారు. బిల్డర్ ఏమో "వెనక ఎప్పటికీ ఎవరూ కట్టరు, అదే మీకు ప్లస్ పాయింట్" అంటున్నాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

సైనిక్‌పురి_సీత:
కొనుక్కోండి అనే నేనంటాను. పెళ్లయి వచ్చినప్పటి నుంచి మేం ఇటువైపే ఉంటున్నాం. సైనిక్‌పురి వెలిసిందే మాజీ సైనికుల కాలనీగా. ఈ నీడ, ఈ ప్రశాంతత సిటీలో ఇంకోచోట దొరకడం కష్టం. పొద్దుపోయాక ఆడపిల్ల ఒంటరిగా నడిచొచ్చినా భయం లేదు. పక్క ఖాళీ జాగాలో రేపు ఇరవై అంతస్తులు లేచి మీ ఎండా గాలీ మింగేస్తుందన్న దిగులుండదు. అద్దెకివ్వాలన్నా ఇబ్బంది లేదు. బదిలీ మీద వచ్చే ఆఫీసర్ల కుటుంబాలుంటాయి. రిటైరయ్యాక క్యాంటీన్, మిలిటరీ హాస్పిటల్ దగ్గరుంటే చాలనుకుని ఇక్కడే ఉండిపోయేవాళ్లూ ఉంటారు. మా వీధిలో టులెట్ బోర్డు ఎక్కువ రోజులు వేలాడదు. హకీంపేట నుంచి లేచే ట్రైనింగ్ విమానాల మోత పగటిపూట వినిపిస్తుంది, అది మాత్రం నిజం. చంటిపిల్లలుంటే ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం వెళ్లి ఆ ఫ్లాట్‌లో కాసేపు కూర్చుని చూడండి.

పేపర్_చూడు:
సీత గారూ, మీరు చెప్పేది అక్కడ ఉండటం గురించి. ఆయన అడిగేది కొనడం గురించి. అద్దెకైతే నేనూ కళ్లుమూసుకుని వెళ్తాను.

"వెనక ఎవరూ కట్టరు" అన్నది బిల్డర్ మాట కదా. అవతల ఎవరినీ కట్టనివ్వని నిబంధన ఇవతల ఈయన బిల్డింగ్‌కి వర్తించదని ఎవరు చెప్పారు? గురుగ్రామ్‌లో వాయుసేన ఆయుధ డిపో చుట్టూ 900 మీటర్ల మేర నిర్మాణాలు నిషేధించారు. అయినా లోపల కాలనీలకు కాలనీలే వెలిశాయి. కొన్నవాళ్లు ఏళ్ల తరబడి కూల్చివేతల భయంతో బతికారు. వాళ్లకు ప్లాట్లు అమ్మినవాళ్లు మాత్రం డబ్బు తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. ముంబై కొలాబాలో రక్షణ స్థావరాల పక్కనే కట్టిన ఆదర్శ్ సొసైటీ సంగతి అందరికీ తెలిసిందే. 31 అంతస్తుల బిల్డింగ్‌ని కూల్చేయమని 2016 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు కూల్చివేత ఆపింది కానీ, బిల్డింగ్‌ని కేంద్రం స్వాధీనంలోకి తీసుకోమంది. ఫ్లాట్ ఉన్నా అందులో ఉండే దారి లేదు.

ఎక్స్‌_సుబేదార్:
ఆదర్శ్‌ని ఇక్కడికి తేవడం సరికాదు బాబూ. అది అధికారులు, నాయకులు కుమ్మక్కై చేసిన అవినీతి, దాని లెక్క వేరు. సామాన్యుడు కొనుక్కునే ఐదంతస్తుల ఫ్లాట్‌కి ఆ పోలిక పెట్టి ఆయన్ని భయపెట్టొద్దు.

అయితే సైన్యం ఎందుకు అడ్డు చెబుతుందో కూడా తెలుసుకోవాలి. చాలామంది దీన్ని దర్పం అనుకుంటారు. నేను గార్డ్ డ్యూటీలు చేసినవాణ్ని. గోడకి ఆనుకుని ఉన్న బిల్డింగ్ మూడో అంతస్తు కిటికీలోంచి చూస్తే గేటు దగ్గర సెంట్రీ ఎన్నింటికి మారుతున్నాడో, ఏ షెడ్డులోంచి ఎన్ని బండ్లు బయటికెళ్లాయో, ఏ రోజు జవాన్లు తక్కువగా ఉన్నారో కుర్చీ వేసుకుని లెక్కపెట్టొచ్చు. టెర్రస్ మీద నిలబడినవాడి చేతిలో ఉన్నది ఫోనా, ఇంకేదైనానా అన్నది కింద నిలబడ్డ సెంట్రీకి తెలీదు. ఇళ్లలో ఉండేవాళ్లంతా మంచివాళ్లే. కానీ ఏదో ఒక రోజు అందులో ఒక ఫ్లాట్ ఎవరికి అద్దెకిస్తారో ఎవరూ చెప్పలేరు. పఠాన్‌కోట్ ఎయిర్‌బేస్ మీద ఉగ్రదాడి తర్వాత కూడా ఈ మాట విడమరిచి చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

పేపర్_చూడు:
సుబేదార్ గారూ, మీ మీద, మీ సర్వీసు మీద పూర్తి గౌరవంతో ఒక ప్రశ్న. భద్రత అవసరమే, కాదనను. ఆ ఖర్చు ఎవరు భరించాలి? 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. దాని ప్రకారం రక్షణ స్థావరం చుట్టూ నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి, నష్టపోయిన భూ యజమానికి పరిహారం కట్టాలి. బ్రిటిష్ వాడు రాసిన చట్టంలోనే ఆ న్యాయం ఉంది. ఇప్పుడు జరుగుతున్నదేమిటి? నోటిఫికేషన్ లేకుండా, పరిహారం లేకుండా, ఒక సర్క్యులర్ చూపించి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెమ్మంటున్నారు. తాతల నాటి స్థలం ఉన్నవాడు రెండో అంతస్తు వేసుకోవాలన్నా ఉత్తరాలు పట్టుకుని తిరగాలి. దీన్ని అన్యాయం అనకపోతే ఏమనాలి?

ఎక్స్‌_సుబేదార్:
పరిహారం ఇవ్వాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. అది ప్రభుత్వం తేల్చాల్సింది, గేటు దగ్గర నిలబడ్డ జవాను కాదు. కానీ చాలాచోట్ల గోడ ముందొచ్చింది, కాలనీ తర్వాత వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806 నుంచి ఉంది. తెలిసి వచ్చి ఆనుకుని కట్టి, ఆ తర్వాత మా హక్కు అంటే ఎలా?

ఆర్కిటెక్ట్_అరుణ:
ఈ ఎన్‌ఓసీల కోసం తిరగడం నా రోజువారీ పని, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆదర్శ్ గొడవ బయటపడ్డాక రక్షణ శాఖ 2011 మేలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. రక్షణ స్థావరానికి 100 మీటర్ల లోపు, నాలుగంతస్తులు దాటితే 500 మీటర్ల లోపు కట్టేవాటి మీద స్థానిక మిలిటరీ అధికారులు అభ్యంతరం చెప్పొచ్చు అన్నారు. సిటీల్లో ఇది పెద్ద గందరగోళమైంది. 2016 అక్టోబర్‌లో సడలించారు. మిలిటరీ స్టేషన్లను రెండు జాబితాలు చేశారు. 193 స్టేషన్లలో బయటి గోడ నుంచి 10 మీటర్ల వరకే ఆంక్ష, మిగతా 149 స్టేషన్లలో 100 మీటర్ల వరకు. ఆ పరిధిలో కొత్త కట్టడమే కాదు, మరమ్మతుకీ మిలిటరీ ఎన్‌ఓసీ కావాలి. అంటే మీ బావగారు రిపేర్ల గురించి అన్నది ఊరికే పుట్టిన మాట కాదు. మీ ఫ్లాట్ వెనక ఉన్నది ఏ జాబితాలోదో, గోడ నుంచి బిల్డింగ్‌కి ఎన్ని మీటర్లో తేలాకే మిగతా చర్చ. కోర్టుల విషయానికొస్తే తీర్పులు రెండువైపులా ఉన్నాయి. చట్టం కింద నోటిఫికేషన్ లేకుండా ఉత్తి సర్క్యులర్‌తో ఆపలేరన్నవీ ఉన్నాయి, భద్రత దగ్గర సైన్యం మాటకే విలువ అన్నవీ ఉన్నాయి. ఆ కేసు మీ డబ్బుతో మీరు నడపాల్సిన పని లేదు.

రెండోది ఎత్తు. అటువైపు హకీంపేట, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు ఉన్నాయి. 2008లో ప్యాసింజర్ విమానాలు శంషాబాద్ వెళ్లిపోయాయి కాబట్టి బేగంపేట మూసేశారని కొందరు బిల్డర్లు చెబుతారు. మూయలేదు, రన్‌వే ఇప్పటికీ వాడుకలోనే ఉంది, ఎత్తు ఆంక్షలూ ఉన్నాయి. ఎత్తు ఎన్‌ఓసీలో రాసే అంకె నేల నుంచి కాదు, సముద్రమట్టం నుంచి. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఉదాహరణకి ఎన్‌ఓసీలో 575 మీటర్లు అని ఉండి, మీ స్థలమే 553 మీటర్ల మీద ఉంటే మీకు మిగిలేది 22 మీటర్లు. అందులోనే లిఫ్ట్ రూమ్, వాటర్ ట్యాంక్, పిడుగుపాటు కడ్డీ, రేపు ఎవరో పెట్టే సెల్ టవర్ యాంటెన్నా అన్నీ ఇమడాలి. ఆ ఎన్‌ఓసీ మామూలు బిల్డింగులకి 8 ఏళ్లే చెల్లుతుంది. పాత ఎన్‌ఓసీ పెట్టుకుని ఆలస్యంగా కట్టే ప్రాజెక్టులున్నాయి, తేదీ చూడండి.

వైజాగ్_వాసు:
ఎత్తు సంగతి మా దగ్గర మరీ ఎక్కువ. విశాఖలో ఎయిర్‌పోర్టే నేవీది, ఐఎన్‌ఎస్ డేగా. కొండలున్న ఊరు కదా, స్థలమే ఎత్తులో ఉంటే బిల్డింగ్‌కి మిగిలేది తక్కువ. ఒకే వీధిలో కిందివైపు వాళ్లకి వచ్చిన అంతస్తులు పైవైపు వాళ్లకి రావు.

బోయిన్‌పల్లి_భాస్కర్:
మాది పూర్తయిన బిల్డింగే అన్నా. గృహప్రవేశాలు కూడా చేసుకున్నాం. ఓసీ మాత్రం రాలేదు, ఎందుకంటే టెర్రస్ మీద బిల్డర్ పెంట్‌హౌస్ లేపాడు, మిలిటరీ వాళ్లు అభ్యంతరం రాశారు. అతను అమ్ముకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు మా అసోసియేషన్ తిరుగుతోంది. పన్ను జరిమానాతో కలిపి కడుతున్నాం. కింది అంతస్తులో ఒకాయన అమ్ముదామని పెడితే కొనేవాడి బ్యాంకు ఓసీ అడిగి లోన్ ఆపేసింది. ఆయన కూతురి పెళ్లికి పెట్టుకున్న డబ్బు అది.

ఇంకో మాట ఎవరూ చెప్పలేదు. రోడ్డు. మీ ఫ్లాట్‌కి వెళ్లే దారి మిలిటరీ ఏరియా లోంచి అయితే ఆలోచించుకోండి. ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ సెంటర్) వైపు రోడ్లు మూయడం, తెరవడం మీద ఏళ్లుగా గొడవ నడుస్తోంది. 2018లో రక్షణ శాఖ కంటోన్మెంట్ రోడ్లు తెరవమన్నా తర్వాత కూడా ఇబ్బందులు పోలేదు. రాత్రిపూట గేటు వేస్తే అంబులెన్స్ చుట్టూ తిరిగి రావాలి.

సైనిక్‌పురి_సీత:
భాస్కర్ గారూ, మీకు జరిగింది విని చాలా బాధేసింది. కానీ అది బిల్డర్ చేసిన మోసం. పర్మిషన్ లేని పెంట్‌హౌస్ కూకట్‌పల్లిలో వేసినా ఓసీ ఆగుతుంది. మిలిటరీ గోడని ఎందుకు తప్పుపట్టాలి? రోడ్ల సంగతి కూడా మారుతోంది. 2024 మార్చిలో రాజీవ్ రహదారి, నాగ్‌పూర్ హైవే మీద ఎలివేటెడ్ కారిడార్ల కోసం రక్షణ భూములివ్వడానికి కేంద్రం ఒప్పుకుంది.

ఆర్కిటెక్ట్_అరుణ:
సీత గారూ, కూకట్‌పల్లిలో అయితే మున్సిపాలిటీతో తేల్చుకుంటే సరిపోతుంది. ఇక్కడ మున్సిపాలిటీ ఒప్పుకున్నా మిలిటరీ అనే రెండో తలుపు ఉంటుంది, దానికి గడువు ఉండదు, రెగ్యులరైజేషన్ స్కీమ్ ఉండదు. ఆ తేడా చిన్నది కాదు.

కొత్తగడప:
మీరందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా థ్యాంక్స్. నిన్న టేపు పట్టుకుని వెళ్లాను. గోడ నుంచి మా వెనక బాల్కనీ అంచుకి ఏడు మీటర్లు కూడా లేదు. బిల్డర్ ఆఫీసులో మిలిటరీ ఎన్‌ఓసీ చూపించమంటే ఒక ఫైలు తీశారు. అందులో ఉన్నది స్థానిక మిలిటరీ ఆఫీసుకి, అంటే స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి, వీళ్లు రాసిన ఉత్తరం, దాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ. జవాబు లేదు. "అబ్జెక్షన్ రాలేదంటే ఒప్పుకున్నట్టే సార్, ఇరవై మంది బుక్ చేసుకున్నారు" అన్నాడు మేనేజర్. ఎత్తు ఎన్‌ఓసీ మాత్రం ఉంది, తేదీ కూడా చెల్లుతుంది.

ఆర్కిటెక్ట్_అరుణ:
ఇన్‌వర్డ్ ముద్ర ఎన్‌ఓసీ కాదు. ఏడు మీటర్లంటే ఏ జాబితాలో ఉన్నా మీరు ఆంక్ష లోపలే. మౌనం అంగీకారం అని ఆ సర్క్యులర్‌లో ఎక్కడా లేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు పేజీ తెరిచి, అప్‌లోడ్ చేసిన శాంక్షన్ ప్లాన్, దాని షరతులు చదవండి. రక్షణ శాఖ ఎన్‌ఓసీ షరతు అందులో ఉంటే కాపీ తీసి పెట్టుకోండి. అన్ని అనుమతులు ఉన్నాయని చెప్పి బుక్ చేయించుకుంటే రెరా చట్టం 12వ సెక్షన్ కింద వడ్డీతో వాపసు అడగొచ్చు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతం మించి ఒక్క రూపాయి ఇవ్వకండి, అది 13వ సెక్షన్.

ఎక్స్‌_సుబేదార్:
బాబూ, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌కి మీరే ఒక అర్జీ పెట్టండి, సర్వే నంబర్ రాసి, ఈ నిర్మాణానికి ఎన్‌ఓసీ ఇచ్చారా అని. మర్యాదగా రాస్తే మర్యాదగానే చూస్తారు. ఇచ్చి ఉంటే ఇచ్చామంటారు.

పేపర్_చూడు:
దాంతోపాటు మున్సిపాలిటీలో ఆర్‌టీఐ కూడా వేయండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఓసీ ఫైలు ఎక్కడ ఆగిందో కాగితం మీద వస్తుంది.

కొత్తగడప:
రెండూ పంపించాను. ఓసీ చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్, రాకపోతే మొత్తం వాపసు అని అగ్రిమెంట్‌లో రాయమంటే బిల్డర్ ఒప్పుకోలేదు. టోకెన్ వెనక్కి ఇమ్మని మెయిల్ పెట్టాను. మా ఆవిడ ఆ వేపచెట్లని వదులుకోలేక ఇంకా బాధపడుతోంది.

సైనిక్‌పురి_సీత:
ఆమెని బాధపడొద్దని చెప్పండి. మా వెనక వీధిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు ఫ్లాట్ అమ్మకానికుంది. మిలిటరీ గోడకి రోడ్డు అవతల, ఓసీ ఉంది, చెట్లు ఇంకా బాగా కనిపిస్తాయి. ఓనర్ నంబర్ మెసేజ్‌లో పంపిస్తున్నాను. కాగితాలు మాత్రం అరుణ గారికి చూపించాకే మాట్లాడుకోండి.