ఎల్లో టాంగ్ రంగు వెలిసిపోతోంది, తిండిలో ఏం మార్చాలి?

ప్రశ్న:
ఉప్పునీటి చేపల ట్యాంకులో ఒక ఎల్లో టాంగ్ (పసుపు రంగు సముద్రపు చేప), నారింజ రంగు క్లౌన్‌ఫిష్ జంట ఉన్నాయి. టాంగ్ తెచ్చినప్పుడు నిమ్మపండులా ఉండేది, నాలుగు నెలలకే పాలిపోయి పొట్ట లోపలికి పోయింది. రోజూ ఒకసారి ఫ్రోజెన్ బ్రైన్ ష్రింప్ (గడ్డకట్టించిన చిట్టి రొయ్యల్లాంటివి) ఒక క్యూబ్ వేస్తాను, ఎగబడి తింటాయి. పైగా పొద్దున లైటు వేయగానే దాని ఒంటి మీద తెల్ల చార, గోధుమ మచ్చ కనిపిస్తున్నాయి, జబ్బేమోనని టెన్షన్‌గా ఉంది. నీళ్ల టెస్టులు బాగానే వస్తున్నాయి.

జవాబు:
చార గురించి కంగారు పడకండి, అది దాని రాత్రి రంగు, లైటు పడ్డాక కాసేపటికి పోతుంది. పాలిపోవడం, చిక్కిపోవడం మాత్రం తిండి వల్లే అనిపిస్తోంది. టాంగ్ సముద్రంలో పగలంతా రాళ్ల మీద నాచు గీరుకుంటూ తిరిగే చేప, దానికి రోజుకో పూట రొయ్య ఏం సరిపోతుంది? నోరి షీటు (ఎండబెట్టిన సముద్రపు నాచు), ఉప్పూ నూనె మసాలా లేనిది, రోజూ ఒక ముక్క ట్యాంకు అద్దానికి అంటించే క్లిప్పుకి పెట్టండి. మా టాంగ్ మొదట దాని వంక కూడా చూడలేదు, చిన్న రాయికి రబ్బరుబ్యాండుతో చుట్టి అడుగున పెడితే రెండో రోజు సాయంత్రం మూల కొరికింది, ఇక అక్కణ్ణుంచి నా చెయ్యి కనిపిస్తే చాలు పరిగెత్తుకొస్తుంది.

జవాబు:
పైది నిజమే, దాంతోపాటు బ్రైన్ ష్రింప్ తగ్గించండి. పెద్ద బ్రైన్ ష్రింప్‌లో ఎక్కువ భాగం నీళ్లే, చేపలకి అది చిరుతిండి లాంటిది. మైసిస్ ష్రింప్‌కి (రొయ్యల్లాంటివే, వేరే రకం) మారండి, స్పైరులినా (ఒక రకం నాచు పొడి) ఉన్న పెల్లెట్లు కూడా కొన్ని వేయండి. పసుపు, నారింజ, ఎరుపు రంగులకి కావాల్సిన కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలు చేప ఒంట్లో తయారుకావు, తిండిలోంచే రావాలి, అందుకే క్లౌన్ల నారింజకి ఆస్టాజాంతిన్ (అలాంటి ఒక కెరోటినాయిడ్) ఉన్న పెల్లెట్లు పనికొస్తాయి. డబ్బా తెరిచి నెలలు గడిస్తే విటమిన్లు పోతాయి, చిన్న డబ్బాలే కొనుక్కోండి. వెల్లుల్లి రసం కలపమని ఎవరో ఒకరు చెబుతారు, వాసనకి తింటుందేమో గానీ రంగు మాత్రం దానితో రాదు.

జవాబు:
ఒక్కసారిగా తిండి పెంచేయకండి, నీళ్లలో నైట్రేట్ (తిండి, చేపల వ్యర్థాల నుంచి వచ్చేది) పెరుగుతుంది. అదే మొత్తాన్ని రెండు మూడు సార్లుగా వేయండి, క్యూబ్‌ని కరిగించి ఆ నీళ్లు పారబోసి వేయండి, సాయంత్రానికి మిగిలిన నోరి తీసేయండి. తల మీద, పక్క గీత (ఒంటి పక్కన పొడవునా ఉండే గీత) వెంబడి గుంటలు పడుతున్నాయేమో కూడా చూస్తుండండి.

ప్రశ్న అడిగినవారు:
గుంటలేం లేవు. చార కూడా మీరన్నట్టే అరగంటలో పోయింది. ఇవాళ నోరి పెట్టాను, టాంగ్ ఇంకా దూరం నుంచే చూస్తోంది, పెద్ద క్లౌన్ మాత్రం క్లిప్పుతో గొడవ పెట్టుకుంది.