వీడియోలు చూసి ఇంట్లో బీర్ నేర్చుకుంటున్నా, ఆల్కహాల్ తక్కువ ఉండాలంటే మాల్ట్ సగం వేస్తే సరిపోతుందా?

కొత్తబుడగ:

అందరికీ నమస్కారం. ఇంట్లో బీర్ తయారీ మీద వీడియోలు తెగ చూస్తున్నాను. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ పాకంతో, మామూలు ఏల్ రకం బీర్ చేసి చూశాను, బాగానే కుదిరింది. ఇప్పుడు రెండు గ్లాసులు తాగినా మర్నాడు తల బరువెక్కని బీర్ చేయాలని ఉంది. అంటే రెండు శాతం దగ్గర, వీలైతే అర శాతం లోపు.

చిక్కేంటంటే ఒక్కో వీడియోలో ఒక్కో మాట. ఒకాయన మాల్ట్ సగానికి తగ్గించు, అంతే పని అంటాడు. ఇంకొకాయన మామూలు బీరే చేసి, స్టవ్ మీద ఎనభై డిగ్రీల్లో అరగంట ఉంచితే ఆల్కహాల్ అంతా ఎగిరిపోతుంది అంటాడు. మరో ఆవిడ ప్రత్యేకమైన ఈస్ట్ లేకపోతే అసలు మొదలే పెట్టొద్దంటోంది. కింద కామెంట్లలో జనం కొట్టుకు చస్తున్నారు, ఎవరిది నమ్మాలో అర్థం కావట్లేదు.

నా దగ్గర పెద్ద స్టీలు గిన్నె, గింజలు నానబెట్టే బట్ట సంచి, ఎయిర్‌లాక్ ఉన్న ఫెర్మెంటర్, హైడ్రోమీటర్, థర్మామీటర్ ఉన్నాయి. పులుపు కొలిచే పీహెచ్ మీటర్ లేదు. పది లీటర్లు చేద్దామనుకుంటున్నా. ఇంకో సంగతి, మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ వస్తుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. దాని గురించి కూడా ఎవరైనా చెప్తే వాళ్లకి చూపిస్తాను.

నురగరాయుడు:

ఆ మొదటాయన చెప్పింది సగమే నిజం. మాల్ట్ సగం చేస్తే ఆల్కహాల్ సగం అవుతుంది, నిజమే, కానీ నోట్లో తగిలే చిక్కదనం కూడా సగం అయిపోతుంది. చప్పగా, నీళ్లలో హాప్స్ (చేదు, వాసన ఇచ్చే పువ్వులు) ముంచినట్టు ఉంటుంది. మీకు కావాల్సింది చక్కెర తక్కువ ఉండటం ఒక్కటే కాదు, ఉన్న చక్కెరలో ఈస్ట్ తినలేని భాగం ఎక్కువ ఉండాలి. ఆ పని మాష్ టెంపరేచర్ చేస్తుంది, మాష్ అంటే నలగ్గొట్టిన మాల్ట్ గింజల్ని వేడినీళ్లలో నానబెట్టడం.

మాల్ట్‌లో పిండిని విరగ్గొట్టేవి ముఖ్యంగా రెండు ఎంజైమ్‌లు. బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల మధ్య జోరుగా ఉంటుంది, ఈస్ట్ ఇష్టంగా తినే మాల్టోజ్ తయారుచేస్తుంది. ఆల్ఫా అమైలేజ్ 70 దాటినా పనిచేస్తుంది, అది మిగిల్చే పెద్ద పెద్ద ముక్కలని, అంటే డెక్‌స్ట్రిన్లని, ఈస్ట్ ముట్టుకోదు. మీరు 72 దగ్గర మాష్ చేస్తే బీటా కొద్దిసేపటికే చేతులెత్తేస్తుంది, డెక్‌స్ట్రిన్లు మిగిలిపోతాయి, ఆల్కహాల్ తక్కువైనా నోట్లో చిక్కగా ఉంటుంది. వీడియోల్లో చాలామంది 66 డిగ్రీలు అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు, అది మామూలు బీర్‌కి.

నేనైతే పది లీటర్లకి కిలో పేల్ మాల్ట్, పావు కిలో ఓట్స్, 200 గ్రాములు క్రిస్టల్ మాల్ట్ వేస్తాను. 72 దగ్గర 45 నిమిషాల మాష్. హైడ్రోమీటర్ చూపించే సాంద్రత అటూ ఇటుగా 1.030 దగ్గర మొదలవుతుంది. 1.014 దగ్గర ఆగిందనుకోండి, తేడా 0.016, దాన్ని 131.25తో గుణిస్తే 2.1 శాతం. ఈ లెక్క ఒక్కటి గుర్తుంటే సగం వీడియోల అవసరం ఉండదు.

ఈస్ట్ విషయంలో విండ్సర్ లాంటిది చూడండి, మాల్టోట్రయోజ్ అనే చక్కెరని అది తినదు కాబట్టి కాస్త ముందే ఆగిపోతుంది. పది లీటర్లకి సగం ప్యాకెట్ చాలు. హాప్స్ మాత్రం పాత రెసిపీలోవి అలాగే వేయకండి, తీపి తక్కువైనప్పుడు అదే చేదు గొంతు పట్టేస్తుంది. మరిగించేటప్పుడు వేసేవి సగానికి తగ్గించి, వాసన కోసం చివర్లో వేసేవి అలాగే ఉంచండి.

పీహెచ్ నాలుగు:

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. స్టవ్ మీద ఎగరగొట్టే వీడియో గురించి రెండు మాటలు, ఎందుకంటే అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆల్కహాల్ విడిగా 78 డిగ్రీల్లో మరుగుతుంది, నిజమే. నీళ్లతో కలిసి ఉన్నప్పుడు ఆ డిగ్రీ రాగానే మొత్తం బుర్రున లేచిపోదు, నీళ్లూ ఆల్కహాలూ కలిసే ఆవిరైపోతాయి. బాగా తగ్గాలంటే బీర్ కూడా చాలావరకు ఇగిరిపోవాలి. ఈలోపు హాప్స్ వాసన అంతా వంటింట్లోకి పోతుంది, వేడి మీద గాలి తగిలి తడి అట్టముక్క రుచి పట్టుకుంటుంది. పైగా ఈస్ట్ చచ్చిపోతుంది కాబట్టి సీసాలో గ్యాస్ పుట్టదు, మళ్లీ కొత్త ఈస్ట్ వేయాలి. ఫ్యాక్టరీల్లో ఆల్కహాల్ తీస్తారు, కాదనను, కానీ అక్కడ వాక్యూమ్‌లో తక్కువ వేడి మీదో, మెంబ్రేన్ల గుండా వడకట్టో తీస్తారు. మన స్టవ్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇక అర శాతం సంగతి. ఇక్కడ కాస్త గట్టిగానే చెప్తాను. మామూలు బీర్ పాడవకుండా కాపాడేది ఆల్కహాల్, పులుపు, హాప్స్ ఇవన్నీ కలిపి. మీరు ఆల్కహాల్ తీసేస్తే ఒక కాపలాదారుడు వెళ్లిపోయినట్టే. ఈస్ట్ సరిగ్గా పనిచేయకపోతే పీహెచ్ కూడా సరిపడా దిగదు, అంటే పులుపు చాలదు. పీహెచ్ 4.6 పైన ఉండి, లోపల చక్కెర మిగిలి, గాలి లేని సీసాలో బయట పెడితే అది బోట్యులిజం లాంటి ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియాకి అనుకూలమైన చోటు. అందుకే ఆ రకం చేసేవాళ్లు లాక్టిక్ యాసిడ్‌తో 4.6 కంటే బాగా కిందికి దించి, పాశ్చరైజ్ చేసి, చల్లగా నిల్వ చేస్తారు. వీడియోలో ఈ ముక్క చెప్పకుండా రెసిపీ మాత్రం చెప్పేవాళ్లని అన్‌సబ్‌స్క్రైబ్ చేసేయండి.

ఆ ఆవిడ చెప్పిన ప్రత్యేకమైన ఈస్ట్‌లు సాఫ్‌బ్రూ ఎల్‌ఏ-01, లాల్‌బ్రూ లోనా లాంటివి అయ్యుంటాయి. అవి గ్లూకోజ్ లాంటి చిన్న చక్కెరలు తిని మాల్టోజ్‌ని వదిలేస్తాయి. మంచి ఈస్ట్‌లే. కానీ ఆ వదిలేసిన మాల్టోజ్ సీసాలో అలాగే ఉంటుందని మర్చిపోవద్దు, గొట్టంలోనో మూతలోనో దాక్కున్న మామూలు ఈస్ట్ ఒక్కచుక్క కలిసినా అది మెల్లగా తినడం మొదలుపెడుతుంది, సీసా పేలుతుంది. పీహెచ్ మీటర్ లేకుండా అటు వెళ్లొద్దు.

సీసామూత:

మిథనాల్ గురించి ఇంట్లోవాళ్లకి ఇలా చెప్పండి. మిథనాల్ ఎక్కువగా పండ్లలో ఉండే పెక్టిన్ నుంచి వస్తుంది, బార్లీ మాల్ట్‌లో అది చాలా తక్కువ. బీర్‌ని పులియబెట్టడమే తప్ప బట్టీ పెట్టి కాచడం లేదు కదా, మీరు చేసే బీర్‌లో ప్రమాదం కలిగించేంత మిథనాల్ రాదు. కల్తీ సారా వార్తలు చదివి భయపడుతుంటారు, ఆ గొడవ వేరు. అలాగే ఇంట్లో బీర్ చేయడానికి మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ఒకసారి చూసుకోండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

వీడియోల విషయానికొస్తే, కొత్తలో నచ్చిన ఒక్కరినే పట్టుకుని ఆ పద్ధతిలోనే చివరిదాకా వెళ్లడం మంచిది. ఒకరి మాష్, ఇంకొకరి ఈస్ట్, మరొకరి బాట్లింగ్ కలిపితే ఎక్కడ తేడా కొట్టిందో కనిపెట్టలేం. ఇంకోటి, వీడియోలో కడగడం, శానిటైజ్ చేయడం పది సెకన్లలో మ్యూజిక్ పెట్టి తిప్పేస్తారు. నిజానికి పనిలో సింహభాగం అదే! మరిగించాక వర్ట్‌ని, అంటే ఇంకా పులవని మాల్ట్ నీళ్లని, తాకే ప్రతి వస్తువూ, గరిటె దగ్గర్నుంచి థర్మామీటర్ మొన దాకా, స్టార్ శాన్ లాంటి కడగక్కర్లేని శానిటైజర్‌లో ముంచి తీయాల్సిందే.

బాట్లింగ్ ముందు ఎయిర్‌లాక్ బుడగలు ఆగాయా అని చూడటం కాదు, హైడ్రోమీటర్ రీడింగ్ చూడాలి. శాంపిల్‌ని 20 డిగ్రీలకి చల్లార్చి, జార్‌లో హైడ్రోమీటర్ వేసి వేళ్లతో ఒకసారి గిర్రున తిప్పండి. కాడకి అంటుకున్న చిన్న చిన్న బుడగలు విడిపోతాయి, లేకపోతే అవి దాన్ని పైకి లేపి తప్పు అంకె చూపిస్తాయి. అది కుదురుకున్నాక కన్ను ద్రవం మట్టానికి తెచ్చి, అంచుల దగ్గర ఎగబాకిన గీత కాకుండా మధ్యలో ఉన్న మట్టం చదవండి. రెండు మూడు రోజుల తేడాతో అదే అంకె వస్తేనే సీసాల్లో నింపండి. సీసాలో గ్యాస్ పుట్టడానికి లీటరుకి 6 గ్రాముల పంచదార చాలు. ఒక్క ప్లాస్టిక్ సీసా కూడా నింపి పక్కన పెట్టుకుంటే నొక్కి చూసి గ్యాస్ ఎంత పట్టిందో తెలుసుకోవచ్చు.

కొత్తబుడగ:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థ్యాంక్స్, మిథనాల్ జవాబు ఇంట్లో చూపించేశాను. ఒక డౌట్. సీసాలో వేసే ఆ పంచదార కూడా ఆల్కహాల్ అవుతుంది కదా, లెక్కలో కలపాలా? ఇంకా, 72 కాకుండా 76 దగ్గర మాష్ చేస్తే ఇంకా తగ్గుతుందా?

నురగరాయుడు:

కలపాలి, మంచి ప్రశ్న. లీటరుకి 6 గ్రాములంటే దాదాపు 0.4 శాతం కలుస్తుంది. మీ 2.1 కాస్తా 2.5 అవుతుంది. అర శాతం లోపు బీర్ కావాలనుకునేవాళ్లకి ఇక్కడే దెబ్బ పడేది, ఆ పంచదారే వాళ్ల కోటా దాదాపు మొత్తం తినేస్తుంది. అందుకే వాళ్లు కెగ్ అనే లోహపు పీపాలో సిలిండర్ గ్యాస్ ఎక్కిస్తారు. మీకు కచ్చితంగా రెండు దాటకూడదంటే 1.022 దగ్గర మొదలుపెట్టండి, పేల్ మాల్ట్ ఒక 400 గ్రాములు తగ్గించండి చాలు.

76 చేయొచ్చు, ఇంకా తగ్గుతుంది. కానీ అక్కడ ఆల్ఫా కూడా ఎక్కువసేపు నిలవదు, పిండి పూర్తిగా విరక్కపోతే బీర్ మసక మసకగా ఉంటుంది. ముందు 72తో ఒక బ్యాచ్ చేసి అది ఎక్కడ ఆగిందో చూడండి, ఆ అంకె చేతిలో ఉంటే తర్వాత ఎటు జరపాలో తెలుస్తుంది.

పీహెచ్ నాలుగు:

రెండు శాతం బీర్ కూడా గ్యాస్ పట్టాక ఫ్రిజ్‌లోనే పెట్టండి, నెలల తరబడి దాచకుండా తాజాగా తాగేయండి. అర శాతం సంగతి మీటర్ కొన్నాక మాట్లాడుకుందాం.