ప్రభ శివుణ్ణి డిపిక్ట్ చేస్తుందా, రిప్రజెంట్ చేస్తుందా?

లంకకొబ్బరి:
అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట పక్కన. మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి, స్కూల్లో మన పండగల మీద చార్టు వెయ్యమంటే మా కోనసీమలో కనుమ నాడు చుట్టుపక్కల ఊళ్ళ శివుళ్ళకి ప్రభలు కట్టి భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం వేసుకుంది, కింద ఇంగ్లీషులో ఒక్కో ప్రభ ఏకాదశ రుద్రుల్లో, అంటే శివుడి పదకొండు రూపాల్లో, ఒకర్ని డిపిక్ట్ చేస్తుంది అని రాసింది. వాళ్ళ మేడం డిపిక్ట్స్ కొట్టేసి ఎర్రపెన్నుతో రిప్రజెంట్స్ అని రాసి అర మార్కు కోసేసిందంట. పిల్ల రాత్రి అన్నం ముట్టలేదు. డిక్షనరీ తీస్తే డిపిక్ట్ అంటే రిప్రజెంట్ అనే ఉంది, మరి తప్పెలా అయ్యిందండి?

గోదారిగట్టు:
తప్పేం కాదండి. ఆవిడకి ఎర్రపెన్ను కొత్తగా కొన్న సరదా.

పాతపంతులు:
ఆ డిక్షనరీలో మిగతా సగం కూడా చదవండి బాబూ. రిప్రజెంట్ పక్కనే బొమ్మతో గానీ మాటలతో గానీ అని ఉంటుంది, కీలకం అక్కడుంది. డిపిక్ట్ లాటిన్ నుంచి వచ్చిన మాట, అందులో పింగెరె అంటే రంగులతో బొమ్మ వెయ్యడం, పిక్చరూ పెయింటూ పిగ్మెంటూ అన్నీ ఆ ఇంటివే, సంస్కృతంలో చెక్కడం, అలంకరించడం అనే అర్థమున్న పింశతి కూడా దీనికి చుట్టమే. అంచేత డిపిక్ట్ అన్నామంటే చూడగానే ఫలానా అని పోల్చుకునేలా ఉండాలి. రిప్రజెంట్ కి లాటిన్లో అర్థం ఎదుట నిలపడం, పోలికతో పని లేదు. మన ప్రభలో ఏముంది చెప్పండి, వెదురుబద్దల చట్రం, దానికి రంగురంగుల కొత్తబట్టలు, పూలు. జటా లేదు, త్రిశూలమూ లేదు. అయినా ఎదురొస్తే చెప్పులు విప్పి దణ్ణం పెడతాం. మేడం గారు దిద్దింది సరైందే, అర మార్కు కొయ్యడం మాత్రం నాకు నచ్చలేదు.

గోదారిగట్టు:
అయితే మాస్టారూ, ఈ కథ పేదరికాన్ని డిపిక్ట్ చేస్తుంది అని పేపర్లలో రోజూ రాస్తారు కదా, పేదరికానికి ముక్కూ మొహం ఉంటాయేటండి?

పాతపంతులు:
మంచి ప్రశ్న. మనం కళ్ళకి కట్టినట్టు చెప్పాడు అంటామే, అలాంటిది. చిరిగిన చాప, ఖాళీ కుండ, వాన కారే ఇల్లు చూపిస్తేనే ఆ మాట. ఊరికే వాళ్ళు చాలా పేదవాళ్ళు అని రాస్తే డిపిక్ట్ చేసినట్టు కాదు. మాటలకి వాడటం కొత్త అలవాటు కూడా కాదు.

కాలవపిల్ల:
నాకు తేలిగ్గా గుర్తుండే ముక్క చెప్తాను. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీలో ఆంధ్రా శకటం మన ప్రభల తీర్థమే కదా. ఆ శకటం డిపిక్ట్ చేసింది తీర్థాన్ని, రిప్రజెంట్ చేసింది రాష్ట్రాన్ని. ఒకే బండి, రెండు పనులు. తెలుగులోనే మనకి చిక్కు, చిత్రీకరించారు అంటే ఇప్పుడు అందరికీ సినిమా షూటింగే గుర్తొస్తుంది, ప్రాతినిధ్యం వహించడం అంటే ఎమ్మెల్యే గారు.

గోదారిగట్టు:
బానే ఉంది గానీ మా ఊరి ప్రభ మధ్యలో స్వామి విగ్రహం పెడతారండి. దానికి మొహం ఉంది, కళ్ళున్నాయి. అప్పుడు డిపిక్ట్ అవ్వదా?

పాతపంతులు:
విగ్రహం అవుతుంది, ప్రభ అవ్వదు. గోడకి ఫొటో తగిలిస్తే గోడ ఫొటో అయిపోతుందా?

భుజంకాసినోడు:
ఆయ్, మీరంతా చదువుకున్నోళ్ళు, నేను గంగలకుర్రు అగ్రహారం ప్రభకి భుజం కాసినోణ్ణి. తోటకెళ్ళే దారిలో కౌశిక కాలవలో దిగేక నీళ్ళు నడుం దాకా వస్తాయి, కింద బురద కాలు పట్టేస్తది, పైన ప్రభ ఓ పక్కకి ఒరిగితే తాళ్ళు పట్టుకున్నోళ్ళు ఒడ్డు మీంచి అరుస్తారు, భుజం మీద వాసం ఎముకలోకి దిగిపోద్ది, అప్పుడు ఎవడూ ప్రభ జాగ్రత్త అనడండి, స్వామి జాగ్రత్త అంటాడు. ఇంకోటి, తోటలోకి వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే మిగతా ప్రభలన్నీ ఓసారి పైకి లేపుతారు, పెద్దాయనొచ్చేడని లేచి నిలబడ్డట్టు. బొమ్మలు లేచి నిలబడతాయా? నన్నడిగితే మీ రెండు మాటలూ చాలవు.

పాతపంతులు:
రిప్రజెంట్ కి అసలర్థం ఎదుట నిలపడమని చెప్పాను కదా నాయనా, నువ్వు నా పక్షమే.

భుజంకాసినోడు:
నేను స్వామి పక్షమండి.

లంకకొబ్బరి:
ఇదంతా పిల్లకి చదివి వినిపించేను. కౌశిక దగ్గర మాత్రం రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు చార్టు వెనకవైపు కాలవ దాటే బొమ్మ వేస్తోంది, దాని కింద ఈ బొమ్మ ప్రభ కౌశిక దాటడాన్ని డిపిక్ట్ చేస్తుంది అని రాస్తే మేడం మళ్ళీ కొట్టేస్తారా అని అడుగుతోంది.

పాతపంతులు:
నిక్షేపంగా రాసుకోమనండి. నీళ్ళు మాత్రం నడుం దాకా వెయ్యమనండి.