ఉమ్మడి మెయిల్‌ నుంచి వార్తాలేఖ పంపితే నా పేరు ఎందుకు కనబడుతోంది?

రాయగడలో ఒక కర్మాగారం సిబ్బంది విభాగంలో పనిచేస్తున్నాను. నెలనెలా ఒడియాలోనూ తెలుగులోనూ వార్తాలేఖ పంపుతాం. ఇక్కడ ఇంట్లో తెలుగే మాట్లాడినా బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు చాలామంది, పార్వతీపురం వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లకేమో ఒడియా అక్షరాలు రావు. అందుకే రెండు లిపులూ తప్పవు.

మా బృందానికి ఔట్‌లుక్‌లో ఉమ్మడి మెయిల్‌బాక్స్ ఉంది. నేను పంపితే మాత్రం పైన నా పేరు, దాని పక్కన ‘విభాగం తరఫున’ అని వస్తోంది. జవాబులు ఉమ్మడి పెట్టెకే వెళ్తున్నాయి. కానీ పేరు చూసినవాళ్లు ఊరుకుంటారా? క్యాంటీన్ పప్పు పలచనైనా, రథయాత్ర సెలవు తేలకపోయినా ఫోను నాకే! ‘సెండ్ యాజ్’ అనుమతి ఉంటే విభాగం పేరు ఒక్కటే కనబడాలి కదా. ఐటీవాళ్లను అడిగితే “అనుమతి ఇచ్చేశాం” అంటారు, అదిచ్చారో, తరఫున పంపే ‘సెండ్ ఆన్ బిహాఫ్’ ఇచ్చారో చెప్పరు. అది నేనే తెలుసుకునే దారి ఉందా?

ఇంకొకటి. పంపిన మెయిల్ ప్రతి (కాపీ) నా సెంట్ ఐటెమ్స్‌లోనే ఉండిపోతోంది. అది కనబడక మొన్న సహోద్యోగి ఒడియా సంచికను మళ్లీ పంపేశారు. ఉమ్మడి పెట్టెలోనూ ప్రతి మిగలాలంటే ‘సెండ్ యాజ్’కూ ‘సెండ్ ఆన్ బిహాఫ్’కూ అమరికలు వేర్వేరుగా మార్చాలా?

పాస్‌వర్డ్ పెట్టుకుని అందరూ అందులోకే లాగిన్ అవ్వండనే సలహా మాత్రం వద్దు. ఎవరేం పంపారో తేలక కొత్త తగవులు మొదలవుతాయి.